ఎస్తేరమ్మ పంచిన స్వరాలు

జమ్మలమడుగు మిషన్ బడిలో పాటలు నేర్పే ఎస్తేరమ్మకు, ఊరు విడిచిపోతూ ఒక దొరసాని డాక్టరు రెండు కొయ్య రికార్డర్లూ ఒక పాత స్వరాల పుస్తకమూ ఇచ్చి పోయింది. రికార్డరంటే నిలువుగా పట్టి ఊదే పిల్లనగ్రోవి. పుస్తకంలోని పదకొండు పాటలు మాత్రం మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో వయొల్ కోసం రాసినవి. వయొల్ తీగల వాద్యం. కమాను ఒక్కసారి లాగితే రెండు మూడు స్వరాలు కలిసి మోగుతాయి. రికార్డరు ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది.

అయినా ఎస్తేరమ్మ వెనకాడలేదు. రికార్డరుకు అందని కింది స్వరాలను ఒక స్థాయి పైకెత్తింది. కలిసి మోగేవాటిని విడదీసి, పాటను తనకుంచుకుని, దాని కింద సాగే పొడవాటి స్వరాలను మహమూదాకు రాసింది. అదే బడిలో లెక్కలు చెప్పే మహమూదా రోజూ ప్రొద్దుటూరు నుంచి వచ్చేది. ఎంత పొడుగు స్వరమైనా వణుకు లేకుండా నిలిపేది.

తొంభై నాలుగు ఎలక్షన్లకు ముందు ఒక పార్టీ మనిషిని నరికేశారు. మరునాడు అతని వర్గంవాళ్ళు దారి కాచి ప్రొద్దుటూరు బస్సు తగలబెట్టారు. మహమూదా అందులోనే ఉంది. ఒక ముసలామెను దించి తాను దిగేసరికి గుండెల నిండా పొగ పట్టింది. తర్వాత నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు దాటి ఊదితే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది.

"నాతో కాదక్కా, ఇంకెవుర్నన్నా చూసుకో," అని రికార్డరు తిరిగిచ్చేసింది.

"ఊపిరి యాడిదాకా వస్తాదో ఊది చూపీ, సాలు," అంది ఎస్తేరమ్మ.

మహమూదా ఊదుతుంటే ఎస్తేరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. నాలుగు నెలలు కూర్చుని పదకొండు పాటలూ మళ్ళీ రాసింది. మహమూదా ఊపిరి ఆగే చోట పొడుగు స్వరాన్ని తాను అందుకునేది. మహమూదా ఊపిరి తీసుకుని పాట ఎత్తుకునేది.

"నా కోసమని పాటను ముక్కలు నరుకుతాండావేందక్కా?"

"నరికేటోళ్ళు ఈ పక్క శానామంది ఉండారులే. నేను పంచుతాండా."

బడి వార్షికోత్సవానికి రెండు పార్టీల పెద్దలూ వచ్చారు. వాళ్ళ వెనక తుపాకులు పట్టుకున్న మనుషులు నిలబడ్డారు. వాళ్ళను చూసి పాట మధ్యలో ఎస్తేరమ్మ ఊపిరే తెగింది. మహమూదా తడుముకోలేదు, ఆ స్వరాన్ని అందుకుని ఆమె తేరుకునేదాకా నడిపించింది. సభలో ఎవరికీ తెలియలేదు.

ఆ ఎండాకాలం పులివెందుల నుంచి ఒక సంగీతం టీచరు ఆ పాటల నకలు కావాలని వచ్చింది. ఎస్తేరమ్మ పదకొండు పాటలూ చేత్తో రాసిచ్చింది. ఊపిరి తీసుకునే ప్రతి చోటా ఎర్రసిరాతో గుర్తు పెట్టింది.