అమ్మ పాయ, నా బొటనవేలు

ఇప్పటికీ చిక్కడపల్లి గల్లీల్లో ఏ డాబా మీద నుంచైనా మేక కాళ్లు కాల్చే వాసన వస్తే నా కుడికాలి బొటనవేలు దానంతట అదే ముడుచుకుంటుంది. ఆ తర్వాత నోట్లో నీళ్లూరతాయి. ఆ తర్వాత అమ్మ గుర్తొస్తుంది. ఎప్పుడూ ఇదే వరస. అమ్మ పోయి కొన్నేళ్లయింది, వేలు మాత్రం ఏదీ మర్చిపోలేదు.

నాకు అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు ఉండేది. గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే వాళ్లు హాస్టళ్ల నుంచి వచ్చి నోట్సుల కట్టలు నా ముందు పడేసేవారు. పొద్దున మిషన్ ముందు నిలబడితే షట్టర్ దించేదాకా నిలబడే ఉండాలి. కాళ్లు గట్టివే, నోరే నా చేతిలో ఉండేది కాదు. “అన్నా, జర తొందరగ తియ్యవా, క్లాసున్నది” అని ఎవరైనా అంటే “గంత తొందరుంటె నిన్ననే రావాల్సుండె” అనేసేవాణ్ని. అన్న తర్వాత బాధపడేవాణ్ని. ముందు బాధపడి తర్వాత ఊరుకోవడం నాకు చేతకాలేదు.

2010లో దసరా దావత్ అయిన మర్నాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. కుడికాలి బొటనవేలి మొదట్లో ఎవరో సూదులు గుచ్చి తిప్పుతున్నట్టుంది. చూస్తే ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. ఫ్యాను గాలి కూడా నొప్పే. మంచం దిగబోయి కెవ్వుమన్నాను.

నా భార్య “ఏడనో బెణికి ఉంటది” అంది. పక్కింటాయన వచ్చి చూసి పురుగు ముట్టిందన్నాడు. అమ్మ మాత్రం కాలి దగ్గర కూర్చుని, వేలు ముట్టుకోకుండా చుట్టూ చూసి, తేల్చి చెప్పింది.

“నిలవడి నిలవడి బొక్కలల్ల సత్తువ పోయింది బిడ్డా. పాయ తాగితె లేస్తవు.”

ఆ మాటకు తిరుగులేదు. ఎందుకంటే మా నాన్న ఒకప్పుడు నారాయణగూడ చౌరస్తాలో స్కూటర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, అమ్మ నలభై రోజులు పాయ, అంటే మేక కాళ్ల పులుసు, కాచి పోసింది. నాన్న లేచి నడిచాడు. పట్టీ వేసిన డాక్టరును ఎవరూ తలచుకోలేదు, పాయను మాత్రం గల్లీ అంతా తలచుకుంది. అప్పటి నుంచి ఎవరికి ఎముక విరిగినా, మోకాలు పట్టేసినా మా అమ్మ దగ్గరికి వచ్చి ఎట్లా చెయ్యాలో అడిగి పోయేవారు. నాన్న పోయాక కూడా ఆ పేరు మా ఇంటికి నిలిచింది.

అమ్మ గుడ్డసంచి పట్టుకుని నారాయణగూడ మార్కెట్‌కు నడిచి వెళ్లేది. మటన్ కొట్టాయన ఆమెకని ముందటి కాళ్లు తీసి పెట్టేవాడు. అక్కడ ఒకసారి కాల్చి ఇచ్చినా అమ్మకు నమ్మకం ఉండేది కాదు. డాబా మీద బొగ్గుల కుంపటి పెట్టి మళ్లీ తిప్పి తిప్పి కాల్చి, కత్తితో గీకి, పసుపు రాసి కడిగేది. మిరియాలు, ధనియాలు, అల్లం వెల్లుల్లి, ఎండు కొబ్బరి. పెద్ద అల్యూమినియం గిన్నెలో సన్నటి మంట మీద పొద్దంతా. దాంట్లో వేలు ముంచితే జిగురుకు వేళ్లు అతుక్కోవాలి, అప్పుడే దింపేది. నిజం చెప్పాలి, అంత రుచైన పాయ నేను మళ్లీ ఎక్కడా తాగలేదు.

పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. వారం తిరిగేసరికి నొప్పి తగ్గింది.

ఇక్కడే మేము మోసపోయాం. ఆ నొప్పికి ఒక గుణం ఉంది. మందు వేసినా వేయకపోయినా మొదట్లో వారం పది రోజులకు అదే వెళ్లిపోతుంది. అది మాకేం తెలుసు? పేరు పాయకు వచ్చింది. మూడు నెలలకు మళ్లీ వచ్చింది, మళ్లీ పాయ, మళ్లీ తగ్గింది. ఆ తర్వాత రెండు నెలలకే వచ్చింది. అప్పుడు అమ్మ “తగ్గినంక ఆపినం గదా, గందుకె మళ్లొచ్చింది” అని నొప్పి లేనప్పుడు కూడా ఆదివారం ఆదివారం పాయ మొదలుపెట్టింది. బలం చాలదని మధ్యలో కార్జం వేపుడు కూడా. ఏడాదిన్నర అట్లా గడిచింది. పెద్ద నోటిఫికేషన్ పడి షాపు ముందు లైను కట్టిన రోజుల్లో నేను ఇంట్లో కాలు దిండు మీద పెట్టుకుని గోడలు చూస్తూ ఉన్నాను. ఇక నడక పోతుందని లోపల భయపడ్డాను కూడా.

చివరికి నా భార్య ఆటో పిలిచి విద్యానగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఆమె వేలు చూసింది, రక్తం పరీక్ష చేయించింది, కాగితం చూసి ఏం తింటారని అడిగింది. నేను గొప్పగా పాయ సంగతి చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసేసింది.

“దీన్ని గౌట్ అంటరండీ. రక్తంల యూరిక్ యాసిడ్ ఎక్కువై, కీళ్లల్ల గాజుపెంకుల లెక్క పేరుకుంటది. కొందరి ఒంటి తీరే అంత, సరిగ్గ బయటికి పోదు. దాని మీద మీరు పాయ, కార్జం, భేజా తింటే ఇంకింత పెరుగుతది.”

రోజూ వేసుకోవాల్సిన మాత్ర రాసింది. తిండితో ఒక్కదానితో లొంగేది కాదు, మాత్ర ఆపొద్దు అని రెండుసార్లు చెప్పింది. కార్జం, బోటి, పాయ బంద్. బీరు బంద్. కూల్‌డ్రింకులు బంద్. మటన్ ఎప్పుడైనా రెండు ముక్కలు. నీళ్లు బాగా తాగాలి, పాలు, పెరుగు, మజ్జిగ మంచివి, కూరగాయలు ఏవైనా తినొచ్చు. పప్పు మానాలా అంటే, మానక్కర్లేదు అంది. బరువు తగ్గాలి గానీ పస్తులుండొద్దు అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా భార్య నా వైపు తిరిగింది.

“అత్తమ్మకు నేను మెల్లగ చెప్త. మీరు మాత్రం నోరు తెరవకండి.”

సరేనన్నాను. ఒట్టు కూడా వేశాను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి అమ్మ ఎదురొచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో పొగలు కక్కుతున్న పాయ. “దవఖానకు పొయ్యొచ్చి అలిసిపొయ్యినవ్, వేడి మీద తాగు బిడ్డా” అంది. మెట్లు ఎక్కినందుకు కాలు భగభగ మండుతోంది. ఏడాదిన్నర నొప్పి అంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది.

“నీ పాయతోనే నా కాలు పోయింది! బలమని బలమని ఇన్ని రోజులు విషం పోసినవ్!”

అమ్మ గిన్నె వైపు చూసింది, నా కాలి వైపు చూసింది. మెల్లగా వంటగదిలోకి వెళ్లింది. సింకులో పారబోసిన చప్పుడు వినిపించింది. నా భార్య నన్ను చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను.

మర్నాటి నుంచి అమ్మ వంటగదిలోకి పోవడం మానేసింది. ముందు గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచిపెట్టేది, బియ్యంలో రాళ్లు ఏరేది. పొయ్యి దగ్గరికి మాత్రం రాదు. నా భార్య పిలిస్తే “నువ్వే చెయ్యమ్మా. నా చెయ్యి మంచిది గాదు” అనేది. ఆ పెద్ద గిన్నెను తోమి, ఎండబెట్టి, అటక మీదికి ఎక్కించింది. ఆదివారం నా భార్య పిల్లల కోసం కొంచెం మటన్ వండితే అమ్మ ముట్టలేదు. “నాకు సయిస్తలేదు” అంది. నల్లి బొక్క దొరికితే చిన్నపిల్లలా చప్పరించే మనిషి ఆమె. అబద్ధమని అందరికీ తెలుసు.

మాత్రలతో నా కాలు కుదుటపడుతోంది, ఇల్లు మాత్రం కుదుటపడలేదు. క్షమించమని అడగాలని రోజూ అనుకునేవాణ్ని. దగ్గరికి వెళ్తే “నీళ్లు తాగినవా?” అని ఆమే అడిగేది, నేను తలూపి వచ్చేసేవాణ్ని. తిట్టడానికి అంత తొందరపడిన నోరు ఈ ఒక్క మాటకు పెగలలేదు. సిగ్గుగా ఉండేది.

నెల తర్వాత మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే రోజున అమ్మ చీర మార్చుకుని చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. “నేను గూడ వస్త” అంది. అక్కడ నాకంటే ముందే లోపలికి వెళ్లి కుర్చీ అంచున కూర్చుంది.

“డాక్టరమ్మా, పాయ పోసింది నేనే. తెల్వక పోసిన. నా కొడుకు కాలు మంచిగైతదా?”

డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూసింది. నేను తల దించుకున్నాను.

“అమ్మా, ఈ రోగం ఒంట్లనే ఉన్నది, మీరు తెచ్చింది గాదు. మంచిగైతది. మాత్రలు నేనిస్త, తిండి మీరు చూసుకోవాలె.”

“ఏం పెట్టమంటవు చెప్పు” అంది అమ్మ. ఆమె చెప్తుంటే అమ్మ వేళ్లు మడుచుకుంటూ విన్నది. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

“జొన్న గటకల మజ్జిగ పోసి పెట్టొచ్చునా?”

“దానికంటే మంచిదేముంటది అమ్మా.”

అమ్మ నవ్విందా, ఏడ్చిందా నాకు తెలియలేదు. ఆటోలో బయటికే చూస్తూ చెప్పింది. చిన్నప్పుడు వాళ్లింట్లో ఏడాదంతా జొన్నరవ్వ ఉడకేసిన గటకేనట. మాంసం అంటే దసరాకు ఒకసారి, ఊరి పండుగకు ఒకసారి. పట్నం వచ్చిన రోజున, తన పిల్లలకు గటక పెట్టొద్దని, వారం వారం మటన్ పెట్టాలని అనుకుందట. “గటక తినుకుంట నేను ఏడ్సిన. నువ్వు ఏడ్వొద్దని మటన్ పెట్టిన” అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు కూడా ఆ మాట అనలేకపోయాను.

మర్నాడు అమ్మ సుల్తాన్ బజార్ దాకా వెళ్లి జొన్నరవ్వ తెచ్చింది. పొయ్యి ముట్టించింది. గటక, చిక్కటి మజ్జిగ, పక్కన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం సొరకాయో బీరకాయో, పచ్చిపులుసు. నాలుగు రోజులు మొహం ముడుచుకుని తిన్నాను. ఐదో రోజు ఇంకొంచెం పెట్టమని గిన్నె చాపాను. అమ్మ పెట్టింది, ఆ రోజు వంటగదిలో ఏదో పాట కూనిరాగం తీస్తూ గిన్నెలు సర్దింది.

తర్వాతి రెండేళ్లు నా జీవితంలో అన్నిటికంటే మంచి రోజులని ఇప్పుడు అనిపిస్తుంది. పదకొండు కాగానే అమ్మ స్టీలు క్యాన్‌లో మజ్జిగ పట్టుకుని చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ నడిచి వచ్చేది. బంద్ ఉన్న రోజు కూడా, షాపు షట్టర్ సగం దించి ఉంటే వంగి లోపలికి దూరేది. నేను రెండు గ్లాసులు తాగేదాకా కదిలేది కాదు. మిగిలింది లైనులో నిలబడ్డ పిల్లలకు పోసేది. “అమ్మమ్మా, అన్నకేమైంది?” అని వాళ్లు అడిగితే “కాళ్లల్ల గాజుపెంకులున్నయి” అని చెప్పేది. పెళ్లిళ్లలో నా పక్కనే కూర్చునేది. వడ్డించేవాడు కార్జం గిన్నెతో వస్తే నా విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టేది. నాకు నలభై ఆరేళ్లప్పుడు సంగతి ఇది. బంధువులు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ని. మటన్ ఆమె విస్తట్లో కూడా వేయించుకునేది కాదు.

2014 ఎండాకాలంలో అమ్మ తడి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పట్టీ వేశారు. నొప్పికంటే ఎక్కువ, ఖాళీగా కూర్చోవడం ఆమెను తినేసింది. అన్నం సయించలేదు, ఈసారి నిజంగానే. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు ఆదివారం గుడ్డసంచి తీసుకుని నారాయణగూడ మార్కెట్‌కు వెళ్లాను. మటన్ కొట్టాయన సంచిని గుర్తుపట్టాడు.

“అమ్మ మంచిగున్నదా అన్నా? ఈ నడుమ వస్తనే లేదు.”

ముందటి కాళ్లు అడిగి తెచ్చాను. అటక మీది గిన్నె దింపాను. డాబా మీద కుంపటి రాజేస్తుంటే వాసన పట్టి, అమ్మ పట్టీ చెయ్యి గుండెకు ఆనించుకుని మెట్లెక్కి వచ్చింది. కోపంగా చూసింది.

“ఎవలకది? నీకైతె నేను ఊకోను.”

“నీకే.”

“నువ్వు తిననిది నేనెట్ల తింట?”

అప్పుడు నోరు పెగిలింది. రెండేళ్లుగా లోపల పెట్టుకున్నదంతా.

“ఆ రోజు తప్పు మాట అన్న అమ్మా. నీ చెయ్యి మంచిది. నా కాలు నిలవెట్టింది గా చెయ్యే. అది మంచిగ గావాలె నాకు.”

అమ్మ కుర్చీ లాక్కుని కుంపటి దగ్గర కూర్చుంది. “గిట్టల సందుల సరిగ్గ కాలలే. తిప్పు” అంది. సాయంత్రం దాకా పక్కనే ఉండి చెప్తూ చేయించింది. ఉప్పు కూడా తానే చూసింది, నన్ను చుక్క కూడా నాలిక మీద వేసుకోనివ్వలేదు. ఎడమ చేత్తో గిన్నె పట్టుకుని మొదటి గుటక తాగి కళ్లు మూసుకుంది. నేను పక్కన కూర్చుని మజ్జిగ తాగాను.

ఆరు వారాలకు పట్టీ తీశారు. ఎముక చక్కగా అతికిందని డాక్టర్ చెప్పాడు. ఇంటికి వచ్చాక అమ్మ మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుని, నా భార్యతో గర్వంగా చెప్పింది.

“చూసినవా? నా కొడుకు చేసిన పాయతోనే అతికింది.”

ఆరు వారాలు పట్టీలో ఉంటే ఏ ఎముకైనా అతుకుతుందని నాకు తెలుసు. నా భార్య నా వైపు చూసింది, ఈసారి కూడా ఏం అనేస్తానో అని.

“అవునే అమ్మా,” అన్నాను, “పాయతోనే.”