బాబాయి గడిలో ఏం రాయాలి

రోజువారీ రిపోర్టు అనేదాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, కనబడితే నాలుగు దులిపేసేవాణ్ణి. ఆ కాగితంలో మనిషికో గడి ఉంటుంది. ఆ రోజు ఎవరు ఏం పని చేశారో ఆ గడిలో రాయాలి. పరాయి దేశం వెళ్ళిన మా ముగ్గురిలో ఆ రాతకోతలు నా నెత్తిన పడ్డాయి, టైపింగు వచ్చిన పాపానికి.

మేం వెళ్ళింది అట్టపెట్టెలు మడిచే యంత్రాన్ని బిగించడానికి. ఇంజినీరు సారు, ఫిట్టరు బాబాయి, ఎలక్ట్రీషియన్ని నేను. బాబాయి నాకు చుట్టమేమీ కాదు, కంపెనీలో అందరికీ బాబాయే. నడుస్తున్న యంత్రం మీద అరచెయ్యి ఆనించి లోపల ఏ బేరింగు నలుగుతోందో చెప్పేస్తాడు కాబట్టి చాటున ‘నాడి బాబాయి’ అనుకుంటాం. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు. మాటలు బొత్తిగా తక్కువ.

మా కంపెనీలో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉంది. యాభై దాటిన ఫిట్టరు పేరు తర్వాతి ప్రయాణం జాబితాలో లేకపోతే అతన్ని స్టోర్లో కూర్చోబెడతారు. కిటికీలోంచి నట్లూ బోల్టులూ అందించడమే ఇక పని. బాబాయికి ఆ కిటికీ అంటే హడల్. అక్కడ కూర్చోబెడితే నెల తిరక్కుండా తనకి పిచ్చెక్కుతుందని విమానంలో రెండుసార్లు అన్నాడు. సారు చెప్పిన పేర్లతో ఆ జాబితా నేను పంపాల్సింది సరిగ్గా ఈ రోజు సాయంత్రమే.

పొద్దున ఎనిమిదింటికి యంత్రం నడపడం మొదలుపెట్టాం. ఎనిమిది గంటలు ఆగకుండా ఆడితే ఫ్యాక్టరీవాళ్ళు సంతకం పెడతారు. అంతకు ముందు మూడు రోజులు నేల మీద బోర్లా పడుకుని, యంత్రం కాళ్ళ కింద వెంట్రుక మందం ఇత్తడి రేకులు ఒక్కొక్కటే దూర్చి మట్టం సరిచేసింది బాబాయే. ఇవాళ స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాడు. అరగంటకోసారి లేచి ఏడు చోట్ల చెయ్యి ఆనించి, చూసిన గుర్తుగా యంత్రం మీద సుద్దముక్కతో ఓ గీత గీసి, మళ్ళీ కూర్చునేవాడు. భోజనానికి పిలిస్తే కూడా రాలేదు. ఆ ఫ్యాక్టరీ మేస్త్రీకి మన భాష రాదు, మాకు ఆయనది రాదు. ఆయన ఓసారి వచ్చి, బాబాయి చెయ్యి పెట్టినచోటే తనూ పెట్టి, కాసేపు నిలబడి, తలాడించాడు. వెళ్ళి తన సొంత కుర్చీ మోసుకొచ్చి బాబాయికి వేశాడు. ఆ పరాయివాడికి అర్థమైంది చూడండి, మా సారుకి అర్థం కాలేదు.

ఇక నా ఘనకార్యం. పెట్టెల్ని లెక్కపెట్టే సెన్సారు వైర్లు నేనే తారుమారుగా కలిపాను. యంత్రం ఆడుతున్నా మీటరు సున్నా దగ్గరే కూర్చుంది. గంటసేపు వెతికాను, తప్పు పట్టుకున్నాను, విప్పాను, కలిపాను, పరీక్షించాను. నా గడిలో ఆరు వరసలు నిండాయి.

నాలుగింటికి సంతకాలయ్యాయి. బాబాయి ఓ గుడ్డ తడుపుకొచ్చి తన సుద్దగీతలన్నీ శుభ్రంగా తుడిచేశాడు. ఒకళ్ళ యంత్రం మీద మన గీతలేంటి, పద్ధతి కాదన్నాడు. నాకు ఆ గుడ్డ లాక్కోవాలనిపించింది.

హోటల్లో సారు గదిలో ముగ్గురం కూర్చున్నాం. బాబాయి గడి ఖాళీగా ఉంది. ఇవాళ ఏం చేశారని సారు అడిగారు.

“ఏం చెయ్యలేదండి. యంత్రం బాగానే ఆడింది.”

తల పట్టుకున్నాను. బాబాయి పని నేర్చిన చోట, యంత్రం నడిచేరోజున ఫిట్టరుకి పని తగలకపోతే అంతకు మించిన మెప్పు లేదు. ఆయన గొప్ప చెప్పుకున్నాడు, పిచ్చి మారాజు! సారు చెవికి అది ఒప్పుకోలులా వినబడింది. రోజంతా కూర్చోవడానికి ఒక మనిషిని ఇంత దూరం తీసుకురావడం దండగనీ, జాబితాలోంచి పేరు తీసెయ్యమనీ నాకు చెప్పారు. ఆ పెద్దమనిషి ఎదురుగానే చెప్పారు. సారు చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. కాదు, మర్యాదస్తుడు, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఊరుకోలేదు. ఇత్తడి రేకుల సంగతి ఎత్తితే, ఆ పనికి ఎక్కడికక్కడ మనుషులు దొరుకుతారన్నారు. చెయ్యి ఆనించి చూడటం గురించి చెప్తే, దానికిప్పుడు పరికరాలొచ్చాయన్నారు. చివరికి నా గుట్టు నేనే విప్పాను.

“సార్, నా గడిలో ఆరు వరసలున్నాయి కదా. అందులో ఐదు నా తప్పు నేను దిద్దుకున్నవే. సరిగ్గా కలిపి ఉంటే నాదీ దాదాపు ఖాళీయే.”

“సమస్య వచ్చింది, నువ్వు పరిష్కరించావు. పనంటే అదేగా” అని సారు లాప్‌టాప్ నావైపు తిప్పారు.

తీసేశాను. ఇంత నోరేసుకున్నవాణ్ణి, ఈ వేళ్ళతోనే ఆయన పేరు చెరిపి జాబితా పంపేశాను. ఆయన పేరుకి పై వరసలోనే నా పేరుంది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

వరండాలోకి వచ్చాక బాబాయి మొహం చూడలేక నేల చూస్తూ నడిచాను. తన గది తలుపు దగ్గర ఆయన ఆగాడు. క్షమించమని అడగబోతే నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇకమీదట నీకు సామాను ఇచ్చేది నేనేగా. ఏ బోల్టు కావాలో నువ్వే సరిగ్గా చూసుకుని అడగరా అబ్బాయ్. ఆ కిటికీలోంచి నాకు యంత్రం కనపడదు.”