స్వరూప పానం తీసింది చదువు గాదు

నిన్న పొద్దున బస్సుకు తయారైతున్న. కాలేజీ వాట్సాప్ గ్రూప్‌ల మెసేజ్ వచ్చింది.

"స్వరూప మేడం నో మోర్."

కింద అప్పటికే దండం బొమ్మలు, ఓం శాంతిలు.

నాకు ఎక్కలే. వాళ్ళ అత్తమ్మ పోయి ఉంటది, ఎవలో పేరు తప్పు కొట్టిండ్రు అనుకున్న. అనుమానం తీరక స్వరూప నంబర్‌కే ఫోన్ చేసిన.

వాళ్ళ తమ్ముడు ఎత్తిండు. బ్రెయిన్ స్ట్రోక్ అన్నడు. నలభై ఒక్క ఏండ్లకు.

తెల్వనోళ్ళకు చెప్తున్న. నేను కోదాడ నుంచి, ఆమె మిర్యాలగూడ నుంచి, ఇద్దరం రోజూ బస్సులల్ల సూర్యాపేటకు వచ్చి ఒక డిగ్రీ కాలేజీల పాఠాలు చెప్పేటోళ్ళం. నాది బాటనీ, ఆమెది కెమిస్ట్రీ. పదకొండేండ్లు పక్కపక్క కుర్సీలు. నన్ను అక్కా అని పిలిచేది.

నిన్నటి నుంచి నాకు ఏడుపు వస్తలేదు.

కోపం వస్తున్నది. గందుకే రాస్తున్న. చదివి ఎవలికన్న మండితే మండనీ.

మొన్న కాలేజీల స్వరూప, మూడు దినాల నుంచి తల పగుల్తున్నదన్నది. దవాఖానకు పో అన్న. "అత్తమ్మకు కండ్ల ఆపరేషన్ అయింది గదక్కా, పొద్దుమాపు చుక్కలు నేనే ఎయ్యాలె. ఆదివారం పోత" అన్నది.

ఆమెకేమో టైం లేదు. ఇంట్లోళ్ళకేమో తీస్కపోవాలన్న సోయి లేదు.

నేనన్న చెయ్యి పట్టి గుంజుకపోవాల్సింది. "సరే జాగ్రత్త" అని నా బస్ నేను ఎక్కిన. ఆ కోపం నా మీద నాకు.

స్వరూప పీహెచ్‌డీ చేస్తున్నది. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణల కలిసే తాన నీళ్ళు, దామరచర్ల దిక్కు బోర్ల నీళ్ళు సీసాలల్ల పట్టుకొచ్చి, వాటిల్ల ఏమేం కలిసినయో ల్యాబ్‌ల సూసేది. మనం తాగే నీళ్ళు.

ఒక ఎండాకాలం ఆ సీసాలు ఇంట్ల ఫ్రిజ్‌ల పెట్టుకున్నది. చుట్టాలు వచ్చిండ్రు. ఫ్రిజ్‌ల జాగ లేదని అత్తమ్మ సీసాలన్నీ బయటికి తీసింది. సల్లటి నీళ్ళు పారబోసుడు ఎందుకని మొత్తం కూలర్‌ల పోసింది.

మొగుడేమన్నడు? "నీళ్ళే గద, మళ్ళ పట్టుకురా."

స్టాఫ్‌రూమ్‌ల స్వరూప ఈ సంగతి నవ్వుకుంటనే చెప్పింది. మేమందరం పడి పడి నవ్వినం. నేను గూడ.

మే నెల నీళ్ళు మళ్ళ మే నెలల్నే దొరుకుతయ్. ఆమెకు ఏడాది పోయింది. ఎక్స్‌టెన్షన్ కాగితం మీద సంతకం పెడుతూ గైడ్ సారు "పిల్లలున్నోళ్ళకు రీసెర్చ్ ఎందుకమ్మా" అన్నడంట. సారుకు ఇద్దరు పిల్లలు. ఆయనను ఆ మాట ఎవలూ అడగలే.

బిడ్డ హర్షితకు జరమొస్తే స్కూలోళ్ళు ఫోన్ ఎవలికి చేస్తరు? సూర్యాపేటల క్లాస్ చెప్తున్న తల్లికి. స్కూల్ పక్క సందుల షాపు పెట్టుకొని కూసున్న తండ్రికి గాదు. ఆమె ఇక్కడి నుంచి ఆయనకు ఫోన్ చేసి, బతిమాలి, పంపేది. "బిజీగ ఉన్న" అంటే పర్మిషన్ పెట్టి తానే ఉరికేది. ప్రిన్సిపాల్ మొఖం మాడ్చేది. అయినా ఏ ఏడూ సిలబస్ ఆపలేదు, ఒక్క పరీక్ష పేపర్ ఆలస్యంగ దిద్దలేదు.

ఇగ నిన్న మిర్యాలగూడల, శవం ముంగట, ఏం మాటలు విన్ననో చెప్త.

స్వరూప చిన్నత్త అంటున్నది: "సదువు సదువు అని పానం తీస్కున్నది. పిల్లను ఇడిసిపెట్టి ఊర్లు తిరిగింది. ఈ పిల్లకన్న బుద్ధి చెప్పుండ్రి."

ఆడోళ్ళు తలకాయలు ఊపుతున్నరు. హర్షిత అక్కడ్నే కూసున్నది. తొమ్మిదో తరగతి. తల్లి పోయిన పొద్దే ఆ పిల్ల చెవుల ఈ మాట పోస్తున్నరు. తల్లికి నువ్వు అక్కర లేకుంటివి అని. రేపటి నుంచి ఆ ఇంట్ల రోజూ పోస్తరు.

నాకు నెత్తి తిరిగిపోయింది. చదువు కాదు, వంట, చుక్కలు, మొగుని షాపు లెక్కలు, కాలేజీ, మీ మాటలు, అన్నీ ఒక్కదాని మీద ఏసిండ్రు అని గొంతు దాక వచ్చింది. లేసి నిలబడ్డ.

నాకంటే ముందు ఆ పిల్ల మాట్లాడింది. ఏడుస్తలేదు.

"మమ్మీ నన్ను ఇడిసిపెట్టి పోలే చిన్న నానమ్మా. ఎంబడి తీస్కపోయేది. ఆదివారం ఆదివారం స్కూటీ మీద వాడపల్లి పోయేటోళ్ళం. సీసాల మీద ఊరి పేరు, తారీఖు నేనే రాసేదాన్ని. నాకు ఎక్కాలు ఆ తొవ్వలనే నేర్పింది."

నేను మళ్ళ కూసున్న.

పదకొండేండ్లు పక్క కుర్సీల కూసున్న నాకు ఈ సంగతి తెల్వదు. ఎట్ల తెలుస్తది? నేను గూడ ఎప్పుడూ "పిల్లను ఎవలి దగ్గర ఇడిసిపోతవ్" అనే అడిగిన. ఎంబడి ఎవలొస్తరని అడగలే.

హర్షితా, ఎప్పుడన్న ఇది చదివితే ఒక్కటి గుర్తుపెట్టుకో బిడ్డా. రేపు వాళ్ళు ఎన్ని చెప్పినా నిన్న నువ్వు చెప్పిందే నిజం.

చెల్లె, బతికినన్ని రోజులు అందరికీ జవాబు చెప్పుకున్నవ్. ఇగ చాలు. ఎవ్వలూ నిన్ను పిలవని, పని చెప్పని తావుల నీ పానం నిమ్మలంగ ఉండాలె.

పోయిరా స్వరూపా.