జానెడు ఎత్తెక్కిన పికప్

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులనుకునేరు, ఫోన్లు వచ్చాకే. కాకపోతే ఇరవై రెండేళ్ళ వయసులో చేసిన ఘనకార్యం ముప్పై దాటాక గుర్తొస్తే, ఎవరో పరాయివాడు చేసినట్టే ఉంటుంది. అప్పట్లో మాకు ముప్పాళ్ళ దగ్గర నాలుగెకరాల కౌలు మిరప, ఒక పాత పికప్ బండి ఉండేవి. తోట నాన్నది, బండి నాది. (కాగితాల ప్రకారం రెండూ నావి కావు, అది వేరే సంగతి.) పొద్దున్నే కోత కూలీలను తోటకు చేర్చడం, సాయంత్రం వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపడం, పంట ఆరాక బస్తాలు గుంటూరు తోలడం, ఇదీ ఆ బండి బతుకు. నా బతుకేమో ఫోన్లో ఎడారులు, కొండలు దాటే ఎత్తు బండ్లను నోరు తెరుచుకుని చూడటం. మా తోటకు పోయే దారిలో ఎడారీ లేదు, కొండా లేదు. ఉన్నదల్లా కాలవ కట్ట, దాని మీద ఎద్దుల బళ్ళు కూడా సుఖంగానే పోయేవి.

నరసరావుపేటలో మా బండికి పుట్టినప్పట్నుంచీ వైద్యం చేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. చేతిలో పానా లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు గనుక అందరికీ పానా మావ. చక్రాల దగ్గర బరువు మోసే కమాన్ల కింద దిమ్మలు పెట్టి బండిని జానెడు లేపాలనీ, పెద్ద పెద్ద టైర్లు వెయ్యాలనీ చెబితే, నా వంక జాలిగా చూశాడు. “అల్లుడూ, ఇది బరువు మోసే బండి. దీన్ని ఊరేగించి ఏం చేస్తావ్?” అన్నాడు. “నీకు తెలవదు మావా, లుక్కు వచ్చిద్ది” అన్నాను. రెండు రోజుల్లో పని అయిపోయింది. కొత్త టైర్లు తగులుతున్నాయని మడ్‌గార్డులు కోయించాను. వెనక ఆడవాళ్ళు కాలు పెట్టి ఎక్కే ఇనప మెట్టు అందానికి అడ్డంగా కనపడింది, దాన్నీ కోయించాను. “మెట్టు కూడానా?” అని మావ రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లూ తల ఊపాను.

మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. నాలుగు రోజులుగా ఆయన కల్లం దగ్గరే కాపలా ఉన్నాడు, మొదటి కోత మొత్తం అక్కడ ఆరబోసి ఉంది. ఆ ఏడాది మా తిండీ, చెల్లి కాలేజీ చదువూ ఆ కాయల మీదే. “ఒరేయ్, పడమట మబ్బు పట్టింది. ఆడోళ్ళను ఎక్కించుకోని తొరగా రా. కుప్పజేసి పట్టాలు కప్పాల” అన్నాడు. పరుగున వెళితే కూలీలు పదకొండుమందీ బడి దగ్గర ఎదురుచూస్తున్నారు. ముఠాకు పెద్ద అయిన ఆవిణ్ణి ఊరంతా పెద్దమ్మ అనే పిలుస్తాం. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “ఏందిరా ఇది, మిద్దె కట్టిచ్చావా? మేం పోయేది మిరపకాయలు కొయ్యటానికా, కొబ్బరికాయలు దింపటానికా?” అంది. ముఠాలో యాభై దాటినవాళ్ళే ఎక్కువ, ఏళ్ళ తరబడి వంగి వంగి అరిగిపోయిన మోకాళ్ళు. నా బుర్ర మాత్రం పాదరసం కదా, బండిని బడి అరుగుకు ఆనించి పెట్టాను. అందరూ అరుగు మీంచి బండిలోకి హాయిగా నడిచి వచ్చారు. నా తెలివికి నేనే మురిసిపోతూ తోలాను.

కల్లం దగ్గర అరుగు లేదన్న సంగతి కల్లానికి చేరాక తెలిసింది. మబ్బు నెత్తి మీదికొచ్చేసింది. నాన్న ఒక్కడే, గాలికి ఎగిరిపోతున్న పట్టాను రెండు చేతులా పట్టుకుని, “దిగండమ్మా, దిగండి!” అని అరుస్తున్నాడు. పదకొండుమందీ బండి అంచున వరసగా నిలబడి, బావిలోకి చూసినట్టు కిందికి చూస్తున్నారు. నేను గబగబా వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద వంగి, “నా వీపు మీద కాలెయ్యండి” అన్నాను. “నీ వీపు మీద నాలుగు ఎయ్యాల్సింది చిన్నప్పుడు, మీ అమ్మ!” అని పైనుంచి పెద్దమ్మ కేకేసింది. అయినా ఒక్కొక్కరే దిగసాగారు. (వాళ్ళలో ఒకావిడ బరువు నా నడుముకు ఇప్పటికీ గుర్తు.) అయిదో ఆవిడ కాలు నా వీపు మీద ఉండగా మొదటి చినుకు నా మెడ మీద పడింది. ఆ చినుకంత చల్లటి భయం నేను మళ్ళీ ఎరగను. పెద్దమ్మ ఇక ఆగలేక దూకేసింది. మడమ మెలిపడినా కుంటుకుంటూనే కుప్ప దగ్గరికి పరిగెత్తింది.

సగం కూడా కప్పలేకపోయాం. అప్పుడు నాన్న బండి వంక చూసి, “కుప్ప మీదికి తోలరా!” అన్నాడు. తోలాను. కప్పకుండా మిగిలిన కుప్ప చక్రాల మధ్యన, బండి కింద సరిగ్గా సరిపోయింది. నేను పెంచిన జానెడు ఎత్తుకు లోకంలో ఒక ప్రయోజనం దొరికిందని ఒక్క క్షణం నిజంగానే సంతోషించాను. ఆ తర్వాత గట్టు వైపు నుంచి వాన నీళ్ళు బండి కిందికి పారాయి. పైన తడవని కాయలన్నీ కింద నుంచి నానాయి. చేసేదేం లేక అందరం నిలబడి చూశాం.

వాన వెలిశాక నాన్న దగ్గరికెళ్ళి, “తిట్టు నాన్నా” అన్నాను. ఆయన నానిన కాయ ఒకటి విరిచి, లోపల చూసి, పారేశాడు. “తిడితే నీకు తేలికయిద్ది. నాకేమయిద్దిరా?” అన్నాడు.

నానిన కాయలన్నీ రంగు పోయి తెల్లబడి, ధర పలకని తాలయ్యాయి. చెల్లి ఆ ఏడాది కాలేజీకి వెళ్ళలేదు. తర్వాత చదివింది, ఉద్యోగమూ చేస్తోంది గానీ, రోడ్డు మీద ఎత్తు బండి కనపడితే చాలు, “అన్నా, అదుగో నా ఫస్టియర్ పోతా ఉంది” అంటుంది. నేనూ నవ్వుతాను, నవ్వక చేసేదేముంది. దిమ్మలు ఆ వారమే తీయించి, మెట్టు మళ్ళీ అతికించాను. కోసిన ఆ మెట్టును పానా మావ పారెయ్యకుండా దాచి ఉంచాడు, ఆ మర్యాద కూడా గుచ్చుకుంది.

ఆ బండి ఎత్తయిన రోజు తీయించుకున్న ఫొటో ఒకటి ఇంకా నా ఫోన్లో ఉంది. బండి మీద నిలబడి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నడుం మీద చేతులేసుకుని లోకాన్ని కిందికి చూస్తున్నాడొక కుర్రాడు. చాలాకాలం వాణ్ణి చూస్తే కొట్టాలనిపించేది. ఇప్పుడు కోపం రావడం లేదు. చెయ్యి అందించి, “దిగరా నాయనా, మబ్బు పడుతోంది” అని మెల్లగా చెప్పాలనిపిస్తుంది.