చూడని ఆట మీద పద్దెనిమిది పేజీలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియదని ఒప్పుకునే వయసు ఇంకా రాలేదు. ఎనభైలలో భద్రాచలం కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి, "దేవుణ్ణి చూశారా? చూడకుండా ఎలా నమ్ముతారు?" అని నిలదీసేవాణ్ణి (ఆ ఊళ్ళో ఈ ప్రశ్న అడిగేవాడికి అద్దె ఇల్లు దొరకదు, నేను మూడిళ్ళు మారాను). మిగిలిన కోపం కవుల మీదా, సినిమాల మీదా తీర్చుకునేవాణ్ణి.

అప్పుడే దుమ్ముగూడెం దగ్గర తీసిన సినిమా ఒకటి వచ్చింది. అందులో కోయవాళ్ళు ఆకులు కట్టుకుని, బల్లేలు ఊపుతూ హీరోయిన్ చుట్టూ గెంతుతారు. నాకు ఒళ్ళు మండింది. "ఒక జాతి ఆత్మకు అవమానం" అంటూ పద్దెనిమిది పేజీలు రాశాను. ఆదివారం ఖమ్మం సాహిత్య సభలో చదవాలి. పెద్ద విమర్శకులు వస్తారు, ఆ రోజుతో నా పేరు నిలబడుతుందని ఆశ. శుక్రవారం మా అటెండరు పెద్దన్నను కూర్చోబెట్టి అంతా వినిపించాను. ఆయనా కోయవాడే కదా, కంటతడి పెడతాడనుకున్నాను.

"మంచిగ రాసిండ్రు సారూ," అన్నాడు ఓపిగ్గా విని. "ఆ గెంతెటోళ్లల్ల మూడో వరుసల నేనే ఉన్న."

"మీ ఆటను అలా పాడుచేస్తుంటే ఊరుకున్నావా పెద్దన్నా?"

"మా ఆట వాళ్లకేడ చూపిచ్చినం? కొమ్ములు పెట్టుకొని, డోలు కొట్టి ఆడేది మా పండుగకు. షూటింగుల ఎగిరింది మేం అప్పటికప్పుడు కల్పించిందే. డైరెక్టరు సారు శానా బాగుందన్నడు. మా ఆడోళ్లు నవ్వాపుకోలేక సచ్చిండ్రు." నా కాగితాలు తిరగేసి, "పన్నెండో పేజీల మా అసలాట గురించి రాసిండ్రు గద, అదెప్పుడు చూసిండ్రు?" అన్నాడు.

"చూడలేదు. పుస్తకంలో చదివాను."

"అవ్ సారూ. దేవుని గురించి మావోళ్లు గూడ గిట్లనే చెప్తరు."

ఆ సాయంత్రం ఎర్రపెన్ను తీసుకుని, కళ్ళారా చూసింది తప్ప మిగతాదంతా కొట్టేశాను. పేజీన్నర మిగిలింది, అందులో సగం హీరోయిన్ చీర గురించి. ఆదివారం సభలో కొట్టేసిందంతా కలిపే చదివాను (ఎర్రగీతల కింద అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి మరి). చప్పట్లు మోగాయి. అధ్యక్షులవారు నన్ను "అడవిని లోపలినుంచి చూసిన కుర్రాడు" అన్నారు.

సోమవారం పెద్దన్నకు నిజం చెప్పేశాను. ఆయన నవ్వి, "ఈసారి పండుగకు మా దుమ్ముగూడెం రాండ్రి, మీ కండ్లతోనే చూద్దురు," అన్నాడు. వస్తానన్నాను. తీరా ఆ రోజే వైరాలో నా ఉపన్యాసం పెట్టారు, గిరిజన నృత్యాల మీద. బస్టాండులో దుమ్ముగూడెం బస్సూ, ఖమ్మం మీదుగా వైరా వెళ్ళే బస్సూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి. ఆ కుర్రాడి మీద నాకిప్పుడు కోపం రాదు. కాగితాలు చంకలో పెట్టుకుని, ఎంత నమ్మకంగా వైరా బస్సెక్కాడో తలుచుకుంటే నవ్వొస్తుంది.