దర్జీ బావ కుట్టుకున్న బిగుతు నిక్కరు

మా బావ దర్జీ. పొద్దున్న మిషను ముందు కూర్చుంటే చీకటి పడేదాకా లేవడు. పక్క బల్ల మీద బట్ట కత్తిరించేది నేను. వచ్చినవాళ్ళ నడుము కొలుస్తూ అందరి పొట్టలనూ వెక్కిరించే మనిషి, తన పొట్ట సంగతి మాత్రం పట్టించుకోలేదు.

పెళ్ళయి ఐదేళ్ళయినా పిల్లలు లేరు. మాటలు పడింది మా అక్క. పరీక్షలన్నీ చేయించుకున్నదీ తనే. "ఒక్కసారి మీరూ చూపించుకోండి" అని అక్క అంటే, బావ సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటించేవాడు. చివరికి నేనే లాక్కెళ్ళాను. వీర్యకణాలు తక్కువని తేలింది.

"కూర్చుని చేసే పని కదా మీది! రోజూ అరగంట చురుగ్గా నడవండి, బరువు తగ్గండి. మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం" అంది డాక్టరమ్మ.

అరగంటతో ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు? సైకిలు కొన్నాడు. రోజుకు మూడు గంటలు తొక్కాడు. చెమట బాగా పట్టాలని రెయిన్‌కోటు గుడ్డతో, తొడలకు అతుక్కుపోయే నిక్కరు కుట్టుకున్నాడు. ఎవరికి కుట్టినా కాస్త వదులు ఉంచే మనిషి, తనకొచ్చేసరికి ఊపిరాడకుండా కుట్టాడు. పైగా అది వేసుకునే పగలంతా మిషను ముందు కూర్చునేవాడు! పొట్ట తగ్గింది. కణాలు ఇంకా తగ్గాయి.

సంగతంతా విని డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "ఆ వేడి వాటికి పడదండీ. అన్ని గంటలు సీటు మీద ఒత్తిడి కూడా మంచిది కాదు. నేను నడవమన్నాను, ఒళ్ళు హూనం చేసుకోమనలేదు."

షాపుకొచ్చాక బావ ఆ నిక్కరు నా ముందు పడేసి, "ముక్కలు చెయ్యరా!" అన్నాడు. ఆయన మొహం చూసి జాలేసింది. అయినా కసిగానే కత్తిరించాను. మర్నాటి నుంచి అక్కతో కలిసి నడక మొదలుపెట్టాడు. గంటకోసారి మిషను వదిలి లేచేవాడు. మూడు నెలలకు రిపోర్టు మెరుగుపడింది. ఇంకో రెండు నెలలకు అక్క నెల తప్పింది.

కబురు తెలిసి బావ వాళ్ళక్క పరిగెత్తుకొచ్చింది. మా అక్క గడ్డం పట్టుకుని, "పోనీలేమ్మా, ఇన్నాళ్ళకు నీ లోపం తీరింది" అంది.

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగా బావే అందుకున్నాడు.

"లోపం తనది కాదక్కా, నాది. పరీక్షంటే భయపడి ఐదేళ్ళు తప్పించుకు తిరిగాను. నా బదులు మాటలు తను పడింది."

మా అక్క వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇన్నేళ్ళలో తను ఏడవడం నేను వినడం అదే మొదటిసారి.