దుమ్ముది తప్పు కాదమ్మా

మా అమ్మాయి ఇక లేదు. డెంగీ జ్వరం వచ్చింది, గుంటూరు తీసుకుపోయాం, దక్కలేదు. ఆమె కంప్యూటరులో చేసిన బొమ్మలు చూసి మా దగ్గర విగ్రహాలు చేయించుకున్నవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి "అమ్మాయి ఉందా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఆ మాట చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది దుర్గి, రాతి శిల్పాల ఊరు. మా ఆయన రాయి చెక్కుతాడు. అమ్మాయి డిగ్రీ అయ్యాక ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుంది. చెక్కబోయే విగ్రహాన్ని ముందే అందులో తయారు చేసి, చుట్టూ తిప్పి వాళ్ల నాన్నకు చూపించేది. ఆయన అది చూసి ఉలి పట్టేవాడు. చివరికి ఒక ఊరి అమ్మవారిని మొదలుపెట్టారు ఇద్దరూ. రాతిలో మెడ దాకా వచ్చింది, పని ఆగింది. ముఖం ఎలా ఉండాలో ఆమె చేసిన బొమ్మలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆమె పోయాక ఆ బొమ్మ తెరవబోతే తెర నల్లబడింది. మళ్లీ తెరిచినా అంతే.

తెర నల్లబడడం మాకు కొత్త కాదు. నిరుడు కూడా ఇదే జబ్బు. మిగతా పనులు చేసినంతసేపూ బాగానే ఉండేది, బొమ్మ తెరిచి తిప్పగానే తెర పోయేది. ఒకరోజు ఆమె పెట్టె విప్పి కూర్చుంటే పక్కన చేరాను. లోపల ఒక పలక, దానికి రెండు బుల్లి ఫ్యాన్లు.

"ఇంత ఫ్యాను ఎవరికే, ఎవరికి చెమట పట్టింది?" అన్నాను.

"ఈ కార్డుకే. బొమ్మలు గీసే చెయ్యి ఇదేనమ్మా. గీసీ గీసీ కాగిద్ది."

"మరి రోజూ డ్రైవర్ డ్రైవర్ అని తిడతావే, వాడెక్కడ కూర్చున్నాడు?"

ఆమె పకపకా నవ్వింది. "వాడు కంటికి కనపడడు. చేతికి పని చెప్పే మేస్త్రీ అనుకో. మేస్త్రీ ఒకటి చెప్పి చెయ్యి ఇంకోటి చేస్తే పని ఆగిపోద్దిగా? అట్టా."

ఏది అడిగినా విసుక్కోకుండా మా పనిలోంచే తెచ్చి చెప్పేది. నాది అయిదో తరగతి చదువు. ఆ పెట్టె దగ్గర మాత్రం నాకు తెలియదనే సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

రాయి పని చేసే ఇంట్లో ఏది చెడినా దుమ్మునే తిడతాం. మిక్సీ ఆగినా దుమ్మే, దగ్గు వచ్చినా దుమ్మే. కాబట్టి ఈ తెర పోవడం కూడా దుమ్ము వల్లేనని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. మా ఆయన రాయి కోసే మిషన్ని దొడ్డి ఆ చివరకు జరిపాడు. నేను కిటికీకి తడి చీర కట్టాను. అమ్మాయి కుంచెతో ఆ ఫ్యాన్లు తుడిచింది. తెర పోతూనే ఉంది.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మా ఇళ్లల్లో ఉలి, సుత్తి కడిగి బొట్టుపెట్టి పక్కన పెడతాం. ఆ రోజు ఎవరూ పనిముట్టు తాకరు. కంప్యూటరుకీ బొట్టు పెట్టాను. ఊళ్లో ఎక్కడా ఉలి చప్పుడు లేదు, మిషన్ల మోత లేదు. పొద్దున్నే వాన కూడా పడి గాలి కడిగినట్టుంది. ఆమె వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది.

"పండగ పూట ఆయుధం ముట్టుకుంటావేందే!" అని వాళ్ల నాన్న గట్టిగానే అరిచాడు.

"ఆయుధం కాదు నాన్నా, రోగి. రోగిని చూడ్డానికి పండగేంది?"

ఆయనకు నవ్వాగలేదు. కాసేపటికి బొమ్మ తిప్పుతుండగా తెర పోయింది. తెర పోయినప్పుడల్లా విసుక్కునే పిల్ల, ఆ రోజు చప్పట్లు కొడుతూ వాకిట్లోకి వచ్చింది. "దుమ్ముది తప్పు కాదమ్మా! ఇయ్యాల ఊళ్లోనే దుమ్ము లేదు, అయినా పోయింది!"

చెడిపోయినందుకు అంత సంబరపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత ఒకటే ప్రశ్న పట్టుకుంది. "బాగున్ననాటికీ చెడ్డనాటికీ ఏం మారింది?" ఆలోచించగా తేలింది. ఇంటర్నెట్టు తగిలినప్పుడు కంప్యూటరు తనంతట తానే కొత్త డ్రైవర్ తెచ్చుకుంది. ఆమె దాన్ని తీసేసి పాతది పెట్టింది. మళ్లీ దానంతట అది మార్చుకోకుండా కట్టడి చేసింది. ఫ్యాన్లు, వైర్లు ఏమీ కదపలేదు. తెర పోవడం ఆగింది. "ఒకసారికి ఒకటే మార్చాలమ్మా. రెండు మారిస్తే దేంతో బాగైందో తెలవదు" అనేది. పులుసు కుదరని రోజు నేను ఉప్పూ చింతపండూ ఒకేసారి వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపిన పిల్ల ఆమె.

ఇప్పుడు ఆ పెట్టె ముందు నేను కూర్చున్నాను. ఏం మారింది అని అడుక్కున్నాను. ఏం మారలేదు గనక? ఇల్లంతా మారింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఇంటి సంగతి కాదు, పెట్టె సంగతి చూడమని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు తట్టింది. దినం నాడు గోడకు పెట్టడానికి ఆమె ఫోటో కావాలని మా మరిది ఇదే కంప్యూటరు తెరిచి, తన ఫోన్ నెట్టు కలిపాడు. కంప్యూటరు ఏదో అడిగితే సరేనని నొక్కాడట. ఆ కొత్త డ్రైవరే మళ్లీ వచ్చి కూర్చుని ఉంటుంది.

సత్తెనపల్లిలో ఉన్న ఆమె స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఎక్కడెక్కడ నొక్కాలో చెబుతూ వచ్చింది.

"పిన్నీ, కింద రోల్ బ్యాక్ అని ఉందా? అది నొక్కితే పాతది వచ్చుద్ది."

"ఉంది. నొక్కితే బొమ్మ పోద్దా ఏందమ్మా?"

"బొమ్మ వేరు, డ్రైవర్ వేరు పిన్నీ. బొమ్మకేం కాదు. నొక్కు."

నొక్కాను. తెర నల్లబడింది. మా ఆయన నా కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు. మళ్లీ వెలుగు వచ్చింది. బొమ్మ తెరిచాను. అమ్మవారి ముఖం వచ్చి, నిలబడింది.

ఆయన చాలాసేపు చూశాడు. ముక్కు, పెదవి, కనుబొమ వంపు, అన్నీ పూర్తి చేసిపెట్టి పోయింది. "ఒకసారి వెనక్కి తిప్పవే" అన్నాడు. మౌసు పట్టుకుని నెమ్మదిగా తిప్పాను. వెనక ఏమీ లేదు. తల వెనక భాగం ఆమె ఇంకా మొదలుపెట్టలేదు. అటునుంచి లోపలంతా బోలుగా, తలుపు తీసిన గదిలా ఉంది. దగ్గరికి జరిపితే లోపలికే పోయాం. ముక్కు ఒక గుంట, పెదవులు ఒక గుంట, ఎదురుగా రెండు కళ్లు, బయటికి చూస్తూ.

ఎన్నో ముఖాలు చెక్కిన మనిషే అయినా, ఒక ముఖాన్ని లోపలి నుంచి చూడడం ఆయనకు అదే మొదటిసారి. రాతిలో అలా చూసే దారి లేదు.

"ఇంకాస్త లోపలికి పోనీయవే" అన్నాడు.